వీలునామా చూసే జడ్జికి ఏ చదువు ఉండాలి?



ఈ పూట అమెరికాలో ఉన్న ఒక చిన్న కోర్టు గురించి, ఓట్లతో గెలిచి ఆ కోర్టులో కూర్చునే జడ్జి గురించి మాట్లాడుకుందాం. ఆ దేశంలో మన తెలుగువాళ్లు లక్షల మంది స్థిరపడ్డారు. ఇల్లు కొనుక్కున్నారు, పిల్లల్ని కన్నారు, అమ్మానాన్నల్ని తీసుకెళ్లి దగ్గర పెట్టుకున్నారు. ఇవాళ కాకపోతే రేపు, ఆ ఇళ్లలో చాలామందికి ఈ కోర్టుతో పని పడుతుంది. వీలునామాలు, వారసత్వాలు చూసే ఆ కోర్టు పేరు ప్రొబేట్ కోర్టు.

ముందు మన దగ్గర సంగతి ఒకసారి గుర్తు చేసుకుందాం. ఇంట్లో పెద్దాయన కాలం చేశారనుకోండి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసుకు వెళతాం. బ్యాంకువాళ్లు సక్సెషన్ సర్టిఫికెట్ అడిగితే కోర్టుకు వెళతాం. వీలునామా మీద అన్నదమ్ముల మధ్య తగాదా వస్తే అప్పుడూ కోర్టే. అక్కడ కూర్చునే జడ్జిగారిని మనం ఓటేసి ఎన్నుకోం. ఆయన పరీక్ష రాసో, లాయరుగా పనిచేసో ఆ కుర్చీలోకి వస్తారు. లాయరు నేరుగా జిల్లా జడ్జి కావాలంటే కనీసం ఏడేళ్లు ప్రాక్టీసు చేసి ఉండాలని మన రాజ్యాంగమే చెప్పింది. ఏడేళ్లు. ఈ ఏడేళ్ల మాట కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇప్పుడు అమెరికాకు వెళదాం. అక్కడ వారసత్వం సంగతి ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రం చూసుకుంటుంది. కొన్ని రాష్ట్రాల్లో ఆ పనికి ప్రత్యేకంగా ప్రొబేట్ జడ్జి ఉంటారు. ఆయన్ని కౌంటీ ప్రజలు ఓటేసి ఎన్నుకుంటారు. కౌంటీ అంటే మన జిల్లా లాంటి పాలనా విభాగమే కాని, జనాభాలో చాలా కౌంటీలు మన మండలం అంత కూడా ఉండవు.

అలబామా రాష్ట్రమే తీసుకోండి. అక్కడ 67 కౌంటీలు. ప్రొబేట్ జడ్జి ఆరేళ్లకోసారి ఎన్నికవుతారు. వీలునామా చెల్లుతుందా లేదా చూసేది ఆయనే. చాలా కౌంటీల్లో భూమి దస్తావేజులు నమోదయ్యేది ఆయన ఆఫీసులోనే. పెళ్లి పత్రాలు అక్కడే. ఎన్నికల పనిలో పెద్ద అధికారీ ఆయనే. మన దగ్గర ఎమ్మార్వో, సబ్ రిజిస్ట్రారు, సివిల్ జడ్జి చేసే పనుల్లో ఎన్నో అక్కడ ఒక్క మనిషి చేతిలో ఉన్నాయి. మరి ఆ మనిషి లాయరై ఉండాలా? అలబామాలో ఎక్కువ కౌంటీల్లో అక్కర్లేదు.

మళ్లీ చెబుతున్నాను. జడ్జి. కాని లాయరు కానక్కర్లేదు. లా కాలేజీ గడప తొక్కనివాళ్లు కూడా ఆ కుర్చీకి పోటీ చేయవచ్చు, గెలవవచ్చు, తీర్పు చెప్పవచ్చు.

పక్కనే ఉన్న జార్జియా. అట్లాంటా చుట్టుపక్కల మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. ఆ రాష్ట్రంలో 159 కౌంటీలు, ప్రతి కౌంటీకీ ఒక ప్రొబేట్ కోర్టు. నాలుగేళ్లకోసారి ఎన్నిక. పోటీ చేయాలంటే ఏం కావాలి? దేశ పౌరులై ఉండాలి. 25 ఏళ్లు నిండాలి. ఆ కౌంటీలో రెండేళ్లుగా నివాసం ఉండాలి. హైస్కూలు పాసై ఉండాలి. మామూలు కౌంటీల్లో చట్టం అడిగే అర్హత దాదాపు ఇంతే. గెలిచాక శిక్షణకు వెళ్లాలి, ఏటా తరగతులకు హాజరు కావాలి. కాని పోటీకి హైస్కూలు చాలు.

అయితే అదే చట్టంలో ఇంకో మాట ఉంది. కౌంటీ జనాభా 90 వేలు దాటితే రూలు మారిపోతుంది. అప్పుడు జడ్జికి 30 ఏళ్లు నిండాలి, ఏడేళ్ల న్యాయవాద అనుభవం ఉండాలి. చూశారా, మన రాజ్యాంగం జిల్లా జడ్జికి అడిగిన ఆ ఏడేళ్లే అక్కడ కూడా వచ్చాయి. తేడా ఏమిటంటే, మన దగ్గర ఆదిలాబాదుకైనా హైదరాబాదుకైనా ఒకటే కొలత. అక్కడ జనాభాను బట్టి కొలత మారుతుంది.

నన్ను ఇబ్బంది పెట్టేది సరిగ్గా ఈ గీతే. జనాభా లెక్కల్లో 89 వేలు వస్తే హైస్కూలు చదువు చాలు. 91 వేలు వస్తే ఏడేళ్ల లాయరు కావాలి. కౌంటీలో మనుషులు ఎక్కువైతే ఒక్కొక్క మనిషి హక్కు బరువెక్కుతుందా? తక్కువైతే తేలికైపోతుందా?

మీరు అనవచ్చు, వీలునామాలేగా, అంత చదువు ఎందుకు అని. నిజమే. చాలా వీలునామాల్లో తగాదా ఉండదు. ఒక తల్లి ఇల్లు ఇద్దరు కూతుళ్లకు సమానంగా రాసింది, ఇద్దరూ సరేనన్నారు, సాక్షుల సంతకాలు సరిగ్గా ఉన్నాయి. కాగితాలు చూసి ముద్ర వేయడానికి లా డిగ్రీ అక్కర్లేదు. ఓపిక, నిజాయితీ, కాగితాల మీద పట్టు ఉంటే చాలు.

కాని ప్రొబేట్ కోర్టుకు వచ్చేది చనిపోయినవారి ఆస్తి ఒక్కటే కాదు. బతికున్న మనిషి స్వేచ్ఛ కూడా అదే బల్ల మీదకు వస్తుంది. ఈ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం.

ఒక పెద్దావిడకు మతిమరపు మొదలైంది. తన బాగోగులు, డబ్బు వ్యవహారం తాను చూసుకోలేకపోతోందని కొడుకు కోర్టుకు వెళ్లాడు. జార్జియాలో ఆ దరఖాస్తు వినేది ప్రొబేట్ జడ్జే. ఆవిడ తరఫున లాయర్ని పెట్టాలి, డాక్టరుతోనో సైకాలజిస్టుతోనో అర్హత ఉన్న సోషల్ వర్కరుతోనో పరీక్ష చేయించాలి. అంతా అయ్యాక, ఈమెకు సంరక్షకుడు కావాలి అని జడ్జి నిర్ణయించారనుకోండి. ఇక ఆవిడ ఎక్కడ ఉండాలో ఆవిడ చెప్పలేకపోవచ్చు. ఏ వైద్యానికి ఒప్పుకోవాలో చెప్పలేకపోవచ్చు. ఒప్పందం మీద సంతకం చేసే హక్కు పోవచ్చు. పెళ్లి చేసుకునే హక్కు కూడా పోవచ్చు. ఆవిడ నేరం ఏమీ చేయలేదు. వయసు మీదపడింది, అంతే.

ఇంకో సంగతి. ఫలానా మనిషికి మానసిక జబ్బు ముదిరింది, ప్రమాదంగా ఉంది, మేము కళ్లారా చూశాం అని ఇద్దరు మనుషులు ప్రమాణ పత్రం ఇస్తే, ఆ మనిషిని పట్టి పరీక్షకు తీసుకురమ్మని ఆర్డరు ఇచ్చే అధికారం కూడా జార్జియా ప్రొబేట్ కోర్టుకు ఉంది. పోలీసులు ఇంటికి వస్తారు. ఆ ఇద్దరూ నిజమే చెప్పారా, కక్షతో చెప్పారా, ఆ కాగితం చట్టం అడిగినంత ఆధారం చూపిస్తోందా అని ముందు తూచవలసింది ఆ జడ్జే.

ఈ అధికారం ఎంత పెద్దదో కనెక్టికట్ రాష్ట్రంలో జరిగిన ఒక కేసు చూపించింది. 2005లో, న్యూయార్కులో ఉండే ఒక ముసలాయన కనెక్టికట్‌లో కూతురి దగ్గరికి వచ్చాడు. ఒంట్లో బాగోక ఆస్పత్రిలో చేరాడు. ఆస్పత్రివాళ్లు ప్రొబేట్ కోర్టుకు దరఖాస్తు పెట్టారు. కోర్టు ఆయన మీద సంరక్షకుణ్ణి నియమించింది. ఆయన్ని నర్సింగ్ హోములో తాళం వేసి ఉండే వార్డులో పెట్టారు. నెలల తరబడి అక్కడే. ఆయన ఆ రాష్ట్రంవాడు కానే కాదు. ఇంటికి పోతానంటే పోనివ్వలేదు. చివరకు 2006లో, ఇది అక్రమ నిర్బంధం అంటూ పై కోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేస్తే, ఆ కోర్టు ఆయన్ని విడిపించింది. ఆ ప్రొబేట్ కోర్టుకు ఆయన మీద అధికారమే లేదని తేలింది.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లివచ్చిన పెద్దవాళ్లు ఈ ప్రసంగం వింటుంటే, ఆ ముసలాయన స్థానంలో తమను ఊహించుకోవడం కష్టం కాదు. ఈ కేసును జడ్జి చదువు గురించి నేను చెప్పడం లేదు. చదువుకున్న జడ్జి కూడా తొందరపడవచ్చు. ఆ చిన్న కోర్టు చేతిలో ఎంత పెద్ద తాళం చెవి ఉందో తెలియడానికి చెబుతున్నాను.

కనెక్టికట్ పాఠం నేర్చుకుంది. 2007లో చట్టం మార్చి, ఇలాంటి విచారణల్లో బలమైన సాక్ష్యం ఉండాలని, విచారణను రికార్డు చేయాలని, స్వేచ్ఛను తగ్గించక తప్పకపోతే వీలైనంత తక్కువే తగ్గించాలని రాసుకుంది. 2009లో ఇంకో అడుగు వేసింది. డబ్బు కటకట కూడా ఉంది, చిన్న చిన్న కోర్టులు మరీ ఎక్కువయ్యాయి. 117 ప్రొబేట్ కోర్టుల్ని కలిపి 54 చేసింది. 2011 నుంచి ఆ మార్పు వచ్చింది. దానితోపాటే, కొత్తగా ఎన్నికయ్యే ప్రొబేట్ జడ్జి లాయరై ఉండాలన్న నియమం కూడా వచ్చింది. ఎన్నిక ఉంది, ఓటు ఉంది. కాని పోటీకి దిగేవారికి చట్టం చదువు ఉండాలి. ఓటు తీసెయ్యకుండానే అర్హత పెంచవచ్చని ఆ రాష్ట్రం చేసి చూపించింది.

లాయరు కాని జడ్జి తీర్పు చెప్పడం రాజ్యాంగానికి సరిపడుతుందా అనే ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అది 1976. ప్రొబేట్ కేసు కాదు, కెంటకీ రాష్ట్రంలో లించ్ అనే బొగ్గు గనుల ఊళ్లో, తాగి బండి నడిపిన కేసు. అక్కడి జడ్జి బొగ్గు గనిలో పనిచేసే మనిషి. చట్టం చదువుకోలేదు. ముద్దాయి జ్యూరీ కావాలని అడిగాడు. ఇవ్వలేదు. మొదటి తప్పుకు ఆ చట్టంలో జరిమానాయే ఉంది. ఆ జడ్జి మాత్రం 30 రోజుల జైలు వేశాడు.

సుప్రీంకోర్టు ఏమంది? లాయరు కాని జడ్జి ఉండవచ్చు అంది. ఎందుకంటే కెంటకీలో ముద్దాయికి ఇంకో దారి ఉంది. ఆ తీర్పు నచ్చకపోతే పై కోర్టులో, చట్టం చదివిన జడ్జి ముందు, కేసు మొదటినుంచి మళ్లీ నడిపించుకోవచ్చు. ఆ దారి ఉంది కాబట్టి అన్యాయం లేదు అంది. ఊరి జనాభాను బట్టి జడ్జి అర్హత మారడం కూడా తప్పు కాదంది. ఇద్దరు న్యాయమూర్తులు ఒప్పుకోలేదు. నేను ఆ ఇద్దరి పక్షమే. మళ్లీ విచారణ అడగాలంటే ముందు ఆ హక్కు ఉందని తెలియాలి. ఆ రోజు జైలుకు తీసుకెళ్లే మనిషికి ఆ సంగతి ఎవరు చెబుతారు?

అయినా ఆ తీర్పులో ఒక విలువైన మాట ఉంది. మొదటి జడ్జి లాయరు కాకపోయినా, చట్టం చదివిన జడ్జి ముందు మళ్లీ మొదటినుంచి విచారణ దొరికితే అన్యాయం లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. జార్జియా కూడా దాదాపు ఇలాగే చేసింది. చిన్న కౌంటీ ప్రొబేట్ జడ్జి తీర్పు మీద అప్పీలుకు వెళితే, దాని పై కోర్టయిన సుపీరియర్ కోర్టులో అంతా కొత్తగా వింటారు. పెద్ద కౌంటీలో, ఏడేళ్ల అనుభవం ఉన్న జడ్జి తీర్పు అయితే నేరుగా అప్పీలు కోర్టుకే వెళుతుంది. అంటే జడ్జి చదువును బట్టే అప్పీలు దారి కూడా వేశారు. ఈ ఏర్పాటు వెనక ఆలోచన ఉంది, దాన్ని నేను కాదనను.

ఇక రెండో పక్షం మాట కూడా వినాలి. వాళ్లు చెప్పేది తీసిపారేసేది కాదు. జార్జియాలో రెండు వేల మంది కూడా లేని కౌంటీ ఉంది. నివాసం ఉండే లాయరు ఒక్కరూ లేని కౌంటీలున్నాయి. అక్కడ లాయరే జడ్జి కావాలి అని చట్టం చేస్తే ఎవరు పోటీ చేస్తారు? ఉన్న ఒకే ఒక్క లాయరు నిలబడితే ఆ ఎన్నికకు అర్థమేముంది? పైగా ఇరవై ఏళ్లు ఆ కోర్టులో గుమస్తాగా పనిచేసిన ఆవిడ ఉంటుంది. ఏ ఇంట్లో ఎవరికి ఎవరితో పడదో, ఏ కాగితం ఎక్కడ తప్పుపోతుందో ఆవిడకు తెలుసు. భర్త పోయి, కళ్లనీళ్లతో వచ్చిన మనిషిని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఏ ఫారం నింపాలో చెప్పేది ఆవిడే. అలాంటి మనిషి విలువ డిగ్రీలో కనిపించదు.

దక్షిణ కరోలినా ఆ విలువను చట్టంలోకి ఎక్కించింది. అక్కడ ప్రొబేట్ జడ్జిగా పోటీ చేయడానికి నాలుగేళ్ల డిగ్రీ ఉండాలి. ఏ డిగ్రీ అయినా సరే. అది లేకపోతే, ఆ రాష్ట్రంలో ఏదైనా ప్రొబేట్ జడ్జి ఆఫీసులో నాలుగేళ్లు ఉద్యోగం చేసి ఉండాలి. డిగ్రీ లేదా అనుభవం. ఆ గుమస్తా ఆవిడకు తలుపు తెరిచి ఉంచారు. ఇది నాకు నచ్చిన నియమం. కాని ఒక్కటి అడగాలనిపిస్తుంది. అదే రాష్ట్రంలో మానసిక చికిత్స కోసం మనిషిని బలవంతంగా ఆస్పత్రిలో చేర్పించే కేసులు కూడా ప్రొబేట్ జడ్జి ముందుకే వస్తాయి. వాటికి కూడా ఏదో ఒక డిగ్రీ సరిపోతుందా?

న్యూమెక్సికో ఈ చిక్కును ఇంకో పక్కనుంచి విప్పింది. అక్కడ ఎన్నికైన ప్రొబేట్ జడ్జి లాయరు కానక్కర్లేదు. కాని ఆయన చేతికి తగాదా లేని పనే ఇస్తారు. ఎవరైనా అభ్యంతరం చెప్పారా, కేసు వెంటనే జిల్లా కోర్టుకు, చట్టం చదివిన జడ్జి ముందుకు పోతుంది.

టెక్సస్‌లోనూ ఇలాంటి ఆలోచనే. అక్కడ 254 కౌంటీలు. డాలస్, హ్యూస్టన్ లాంటి పెద్ద నగరాల కౌంటీల్లో లాయర్లే జడ్జీలుగా ఉండే ప్రత్యేక ప్రొబేట్ కోర్టులున్నాయి. చిన్న కౌంటీల్లో ఈ పని కౌంటీ జడ్జి చేస్తారు. ఆయన రాష్ట్ర చట్టం బాగా తెలిసినవాడై ఉండాలి అంటుంది ఆ రాష్ట్ర రాజ్యాంగం. లాయరై ఉండాలి అనదు. మరి తగాదా వస్తే? కక్షిదారుల్లో ఒకరు అడిగితే చాలు, ఆ కేసును ఆయన తన దగ్గర ఉంచుకోవడానికి వీల్లేదు. చట్టం చదివిన జడ్జిని పిలిపించాలి, లేదా పై కోర్టుకు పంపాలి.

ఇప్పుడు నా మాట సూటిగా చెబుతాను. గీత గీయాలి. కాని జనాభా మీద కాదు, పని బరువు మీద గీయాలి. తగాదా లేని వీలునామా, కాగితాల నమోదు, పెళ్లి పత్రం, వీటికి ఆ ఊరి నమ్మకం సంపాదించిన మనిషి చాలు. ఆ మనిషిని ప్రజలు ఎన్నుకోనివ్వండి. కాని ఒక మనిషి ఎక్కడ ఉండాలో, ఏ మందు మింగాలో, తన డబ్బు తాను ఖర్చుపెట్టుకోవచ్చో లేదో తేల్చే రోజున, ఆ బల్ల వెనక చట్టం చదివిన జడ్జి ఉండాలి. కౌంటీ ఎంత చిన్నదైనా సరే. అక్కడ లాయరు లేకపోతే పక్క కౌంటీ నుంచి రావాలి. అందుకయ్యే ఖర్చు ఆ రాష్ట్రం పెట్టుకోవాలి.

ఆ పెద్దావిడ అడగాలి, అప్పీలు చేయాలి అనడం కూడా నాకు చాలదు. టెక్సస్‌లో అడిగితే మార్చాలి, జార్జియాలో అప్పీలు చేస్తే మళ్లీ వినాలి. రెండూ మంచివే. కాని మతిమరపు వచ్చిన మనిషి అడగగలదా? అడగకముందే ఆ జడ్జి అక్కడ ఉండాలి. నేను చెప్పదలుచుకున్నది ఇదే.

ఈ మార్పులు జరగనివేమీ కావు. మేరీలాండ్‌లో ఈ పని చేసే కోర్టును ఆర్ఫన్స్ కోర్టు అంటారు. ఎక్కువ కౌంటీల్లో ముగ్గురు జడ్జీలు ఎన్నికవుతారు, లాయర్లు కానక్కర్లేదు. బాల్టిమోర్ నగరానికి మాత్రం జడ్జీలు లాయర్లై ఉండాలని 2010లో రాజ్యాంగ సవరణ పెడితే, ప్రజలే ఓటేసి ఒప్పుకున్నారు. 2012లో బాల్టిమోర్ కౌంటీకి, ప్రిన్స్ జార్జెస్ కౌంటీకి కూడా అలాగే ఒప్పుకున్నారు. జడ్జిని ఎన్నుకునే ఓటరే, ఆ జడ్జికి ఈ చదువు ఉండాలి అని కూడా ఓటు వేశాడు. ప్రజాస్వామ్యానికి, అర్హతకు పడదు అనేవారికి ఇదే జవాబు.

ఆగిపోయిన చోటు కూడా ఒకటి ఉంది. మెయిన్ రాష్ట్రం. అక్కడ 16 కౌంటీలు. రాష్ట్రం మొత్తంలో ఓటుతో వచ్చే జడ్జీలు ప్రొబేట్ జడ్జీలే. వాళ్లు పూర్తి కాలం జడ్జీలు కారు. కోర్టు లేని రోజుల్లో లాయర్లుగా ప్రాక్టీసు చేసుకుంటారు. ఈ పద్ధతి వద్దని, పూర్తి కాలం జడ్జీలుండే కొత్త ఏర్పాటు కావాలని 1967లో ఓటర్లు ఒప్పుకున్నారు. కాని ఒక షరతు ఉంది. ఆ కొత్త ఏర్పాటును శాసనసభ చట్టంగా చేస్తేనే పాతది పోతుంది. ఓటర్ల మాట వచ్చి యాభై ఏళ్లు దాటినా ఆ చట్టం రాలేదు, పాత పద్ధతే నడిచింది. శాసనసభలో ఈ సంగతికి తొందరేమీ కనబడదు. ప్రొబేట్ కోర్టుకు వచ్చేవాళ్లు చనిపోయినవాళ్ల మనుషులు, లేదా తమ మాట తాము చెప్పుకోలేనివాళ్లు. వాళ్లు ఊరేగింపులు తీయలేరు.

అందుకే అక్కడున్న మనవాళ్లకు రెండు మాటలు. వాళ్ల అమ్మానాన్నలు ఇక్కడ వింటుంటే, ఫోనులో చెప్పండి.

మొదటిది. పౌరసత్వం వచ్చి, ఓటు హక్కు ఉన్నవాళ్లు ఓటు కాగితం చివరిదాకా చదవాలి. జార్జియాలో అధ్యక్ష ఎన్నిక జరిగే ఏడాదే ప్రొబేట్ జడ్జి ఎన్నిక కూడా వస్తుంది. పెద్ద పదవుల పేర్లు పైన ఉంటాయి. ప్రొబేట్ జడ్జి పేరు ఎక్కడో కింద ఉంటుంది. చాలామంది అక్కడిదాకా వెళ్లరు. వెళ్లండి. ఆ మనిషి ఏం చదివారో, సంరక్షకుడి కేసులు ఎలా నడిపారో కనుక్కోండి.

రెండోది. చిన్నపిల్లలు ఉన్న దంపతులు వీలునామా రాసుకోవాలి. ఇద్దరికీ ఏదైనా జరిగితే పిల్లల్ని ఎవరు పెంచాలో అందులో రాయాలి. మీరు రాయకపోతే ఆ నిర్ణయం కోర్టుదే అవుతుంది. అలాగే, రేపు నాకు స్పృహ లేకపోతే నా వైద్యం గురించి, డబ్బు గురించి ఫలానా మనిషి మాట్లాడాలి అని ముందే కాగితం రాసి పెట్టుకోవచ్చు. పవర్ ఆఫ్ అటార్నీ అంటారు. ఆ కాగితం సరిగ్గా ఉంటే, చాలా సందర్భాల్లో సంరక్షకుడి కోసం కోర్టు మెట్లెక్కే అవసరమే రాదు. రాష్ట్రం మారితే ఫారాలు, సాక్షుల నియమాలు మారతాయి కాబట్టి, ఇల్లు మారినప్పుడు ఆ కాగితాలు కూడా అక్కడి లాయరుకు ఒకసారి చూపించండి.